మారిషస్ పంచదార, లండన్ ధర

ఎగుమతి అంటే ఏమిటి, దిగుమతి అంటే ఏమిటి అని అడిగితే మా పిల్లలు తడుముకోకుండా చెప్తారు. మిగులు, లోటు, సుంకం, కోటా, అన్నీ నోటికి వచ్చు. పరీక్షలో ఆ పాఠం నుంచి ప్రశ్న వస్తే మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువ. కానీ ఒకసారి వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, రెండు దేశాలు బేరమాడుకుంటే ధర ఎవరు పెడతారండి? పెద్ద దేశమా, చిన్న దేశమా?" అన్నాడు. గిరాకీని బట్టి, సరఫరాని బట్టి అని చెప్పి కూర్చోబెట్టాం. తర్వాత స్టాఫ్ రూములో ఆ జవాబు చాలలేదని మాకే అనిపించింది.

అందుకని ఒక చిన్న దేశం, ఒక ధనిక దేశం, రెండింటి మధ్య ఒకే ఒక్క సరుకు, చాలా ఏళ్ల చరిత్ర ఉన్న ఉదాహరణ కోసం చూశాం. మాకు దొరికినది మారిషస్, బ్రిటన్‌ల మధ్య నడిచిన పంచదార వ్యాపారం. మారిషస్ హిందూ మహాసముద్రంలో ఒక చుక్క. ప్రధాన ద్వీపం విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు, జనాభా 12 లక్షల పైచిలుకు. మన వైపు ఒక్కో జిల్లా అంతకంటే పెద్దది. ఆ దేశాన్నే తీసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ చెరకు తోటల్లో పనిచేయడానికి వెళ్లిన వాళ్లలో మన వాళ్లున్నారు, వెళ్లింది మా పక్క ఊరి రేవు నుంచే.

కోరంగి రేవు నుంచి

యానాంలో కాకినాడ బస్సు ఎక్కితే తాళ్లరేవు దాటాక కోరంగి వస్తుంది. ఇప్పుడక్కడ మడ అడవులు చూడటానికి జనం వస్తారు. ఓడలు కట్టిన ఊరంటే పిల్లలు నమ్మరు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన ముంచెత్తిన తర్వాత కూడా ఆ రేవు కొన్నాళ్లు బతికింది. 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ ఇక్కడి కూలీలను మారిషస్ తీసుకెళ్లింది. ఈ రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను చాలాకాలం 'కోరంగీలు' అన్నారు. ఫ్రెంచి తోటదారులైతే అంతకుముందే, 1820ల చివర్లోనే, యానాం నుంచి మనుషులను పక్కనున్న బూర్బోన్ ద్వీపానికి, అంటే నేటి రీయూనియన్‌కు, పట్టుకెళ్లారు.

అంత దూరం నుంచి కూలీలు ఎందుకు కావలసి వచ్చింది? దీనికి జవాబు లండన్‌లో చేసిన ఒక చిన్న సవరణలో ఉంది. మారిషస్‌కు చెరకు తెచ్చింది డచ్చివాళ్లు, 1639లో. తర్వాత ఫ్రెంచివాళ్లు పెంచారు. 1810లో బ్రిటన్ ఆ ద్వీపాన్ని గెలుచుకుంది. అయినా 1825 దాకా మారిషస్ పంచదార మీద బ్రిటన్‌లో ఎక్కువ సుంకం ఉండేది, కరీబియన్ ద్వీపాల పంచదార మీద తక్కువ ఉండేది. 1825లో రెండింటికీ ఒకే సుంకం చేశారు. అంతే, ద్వీపమంతా చెరకు అయిపోయింది. 1850ల మధ్యకు ఉత్పత్తి లక్ష టన్నుల దరిదాపులకు చేరింది. సుంకం మారిస్తే సముద్రం అవతలి పొలంలో పంట మారిపోతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈలోగా 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారంగా బ్రిటన్ 20 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. ఈ మాట చెప్పగానే తరగతిలో ఎప్పుడూ ఒక నిమిషం నిశ్శబ్దం వస్తుంది. విడుదలైన వాళ్లు తోటల్లో పనిచేయడానికి ఇష్టపడలేదు. దాంతో యజమానుల చూపు ఇటు మళ్లింది. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దాకా భారతదేశం నుంచి నాలుగున్నర లక్షల మంది వరకు ఆ ద్వీపంలో దిగారు. ఎక్కువమంది బిహార్ వైపు నుంచి వచ్చారు, కొందరు తమిళులు, తెలుగువాళ్లు, మరాఠీలు. ఒప్పందం ఐదేళ్లకు, మగవాడి జీతం నెలకు 5 రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. వాళ్లు దిగిన పోర్ట్ లూయీ మెట్లను ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

19వ శతాబ్దం చివర్లో ఐరోపా తానే పంచదార తయారు చేసుకోసాగింది. చలి దేశాల్లో చెరకు పండదు. నెపోలియన్ కాలంలో బ్రిటిష్ నౌకలు సముద్రం మూసేస్తే ఫ్రాన్సు వాళ్లు బీట్ దుంప నుంచి పంచదార తీయడం పట్టుకున్నారు. ఆ దుంప పంచదార పెరిగి పెరిగి ప్రపంచమంతా ధర పడగొట్టింది. మారిషస్‌లో పెద్ద తోటల యజమానులు డబ్బు సరిపోక అంచు భూములను ముక్కలు చేసి అమ్ముకున్నారు. కొన్నది ఎవరు? నెలకు 5 రూపాయల్లోంచి కూడబెట్టిన కూలీలూ వాళ్ల పిల్లలూ. చిన్న చెరకు రైతు అనే వర్గం అక్కడ అలా పుట్టింది. ఈ బీట్ దుంప సంగతి పిల్లలు గుర్తుపెట్టుకోవాలి, వందేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

రేషను కార్డు మీద పంచదార

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఆరేళ్లు గడిచినా బ్రిటన్‌లో పంచదార రేషను కార్డు మీదే ఇచ్చేవారు. 1953లో గానీ ఆ రేషను ఎత్తెయ్యలేదు. ఎక్కడ దొరికితే అక్కడ కొందామంటే డాలర్లు లేవు. అందుకని 1951లో తన వలసలతో, పాత వలసలతో కామన్వెల్త్ చక్కెర ఒప్పందం చేసుకుంది. ఏటా ఇంత పరిమాణం, ఇంత ధరకు తప్పక కొంటాం, మీరు తప్పక అమ్మాలి అన్నది దాని సారం. ఇందులో దయ ఏమీ లేదని మా అభిప్రాయం. అప్పటికి పంచదార అవసరం బ్రిటన్‌దే ఎక్కువ.

మారిషస్‌కు మాత్రం ఆ ఒప్పందమే ఊపిరి అయింది. ఎగుమతుల ఆదాయంలో 90 శాతానికి పైగా పంచదారదే. 1960లో కెరోల్ తుపాను చెరకును నేలమట్టం చేసింది. ఆ దేశాన్ని పరిశీలించిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో ఇచ్చిన నివేదికలో జనం పెరిగిపోతున్నారు, పంట ఒక్కటే ఉంది, భవిష్యత్తు కష్టం అని రాశాడు. ఆయనకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ మారిషస్ విషయంలో ఆయన భయపడినట్టు జరగలేదు.

స్వాతంత్య్రానికి ముందు జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1965లో బ్రిటన్ మారిషస్ నుంచి చాగోస్ దీవులను విడదీసింది, డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం. మారిషస్ నాయకులు మొదట డబ్బు అడగలేదు. అమెరికా మా పంచదారకు పెద్ద కోటా ఇవ్వాలి అన్నారు. అమెరికా ఒప్పుకోలేదు. చివరకు బ్రిటన్ 30 లక్షల పౌండ్లు ఇచ్చి దీవులు తీసుకుంది. ఒక్కసారి వచ్చే డబ్బు కంటే ఏటా నిలకడగా అమ్ముకునే హక్కు మేలని ఆ నాయకులు అనుకున్నారన్నమాట. దీవులు అలా పోవడం న్యాయం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది.

మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్, బిహారీ కూలీ కుటుంబంలో పుట్టినవాడు. ఐదేళ్లు తిరిగేసరికి కొత్త చిక్కు వచ్చింది. 1973 జనవరి 1న బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. అక్కడ బీట్ రైతులు బలంగా ఉన్నారు. బయటి పంచదారకు తలుపులు మూసేస్తారు. కామన్వెల్త్ ఒప్పందం గడువు 1974 చివరికి అయిపోతుంది. అప్పుడేం చేయాలి?

అదే ఏడాది నవంబరులో ప్రపంచ విపణిలో పంచదార ధర ఆకాశానికి అంటింది. పౌనుకు 60 అమెరికన్ సెంట్లు దాటింది. అలాంటప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? ఒప్పందం ఎందుకు, బయటే అమ్ముకుందాం అనుకుంటారు. చాలామంది అలాగే అనుకున్నారు. మారిషస్ మాత్రం పట్టుబట్టి పెద్ద వాటా రాయించుకుంది. 1975 ఫిబ్రవరి 28న ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ ప్రాంతాల 46 దేశాలతో టోగో రాజధాని లోమేలో కుదిరిన ఒప్పందానికి చక్కెర ప్రోటోకాల్ అనే అనుబంధం ఉంది. దాని ప్రకారం ఐరోపా ఏటా సుమారు 13 లక్షల టన్నుల చెరకు పంచదార కొనాలి. అందులో మారిషస్ ఒక్కదాని వాటా 38 శాతం, అంటే 4 లక్షల 90 వేల టన్నుల దరిదాపు. వేరే ఒప్పందం కింద భారతదేశానికి కూడా చిన్న వాటా దక్కింది. మూడేళ్లు గడిచేసరికి ప్రపంచ ధర పౌనుకు 8 సెంట్ల దాకా పడిపోయింది. ఐరోపా ధర మాత్రం కదల్లేదు.

ఐరోపా అంత ధర ఎందుకిచ్చింది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తన బీట్ రైతులకు ఎక్కువ ధర కట్టబెట్టాలని ఐరోపా ముందే నిర్ణయించుకుంది. ఆ ధరతోనే ముడిపెట్టి మారిషస్ పంచదారకూ ఇచ్చింది. మిగతా ప్రపంచంలో ధర దానిలో సగమో, మూడో వంతో ఉన్న సంవత్సరాలే ఎక్కువ. మారిషస్ చిన్న రైతుకు వచ్చిన మంచి ధర నిజానికి ఫ్రాన్సు, జర్మనీ పెద్ద రైతుల కోసం కట్టిన గొడుగు అంచు కింద పడిన నీడ.

ఆ డబ్బు ఏమైంది?

ఇలాంటి డబ్బు చాలా దేశాలకు వచ్చింది, చాలా దేశాల్లో కరిగిపోయింది. మారిషస్‌లో ఏమైందో చూడటం మాకు ఆసక్తిగా అనిపించింది. మన దేశానికి ముఖ్య ఆర్థిక సలహాదారుగా పనిచేసిన అరవింద్ సుబ్రమణియన్, దేవేశ్ రాయ్‌తో కలిసి 2001లో దీని మీద ఒక పత్రం రాశారు. పంచదారకు అదనంగా వచ్చిన ధర విలువ సగటున ఏటా ఆ దేశ ఆదాయంలో 5 శాతం పైనే ఉందని వాళ్ల లెక్క. ఒక ఇంటికి నెల జీతం కాకుండా, ఇరవై రూపాయలకు ఒక రూపాయి చొప్పున ప్రతి నెలా ఎవరో అదనంగా ఇస్తున్నట్టు.

ప్రభుత్వం పంచదార ఎగుమతి మీద పన్ను వేసింది. పెద్ద తోటల మీద భారం ఎక్కువ పడేటట్టు వేసింది. 1994 దాకా ఆ పన్ను నడిచింది. 1977 నుంచి సెకండరీ చదువు ఉచితం చేశారు. ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. మిల్లుల యజమానులు తమ లాభాల్లో కొంత కొత్త బట్టల ఫ్యాక్టరీల్లో పెట్టారు. 1970లో చేసిన ఎగుమతి మండలాల చట్టం దానికి దారి చూపింది. ఊలు కోసం గొర్రెల మందలు లేని ఆ ద్వీపం 1980ల్లో ప్రపంచంలో ఊలు స్వెటర్లు ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో ఒకటైంది. కుట్టు మిషన్ల దగ్గర కూర్చున్నది ఎక్కువగా చెరకు కూలీల ఇళ్ల ఆడపిల్లలే. 1980ల మధ్యకు పంచదార కంటే బట్టల ఎగుమతే ఎక్కువైంది. ఆ బట్టలు బ్రిటన్ దుకాణాలకూ వెళ్లేవి. అక్కడి నుంచి యంత్రాలు, వాహనాలు, పర్యాటకులు వచ్చేవారు.

ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు ఇందులో ఒక ముక్క దగ్గరగా తగులుతుంది. మారిషస్ సర్కారు బడుల్లో హిందీ, తమిళం, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు కూడా పిల్లలు కోరుకుంటే చెప్తారు. అందుకు పంతుళ్లున్నారు, పుస్తకాలున్నాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. బడికి వచ్చే డబ్బు ఖజానా నుంచి వస్తుంది, ఆ ఖజానాను నింపినవాటిలో పంచదార పన్ను ఒకటి. కోరంగి కూలీ మునిమనవరాలు అ ఆలు దిద్దుకున్న పలక వెనక లండన్‌లో కుదిరిన ధర కూడా కొంత ఉంది. రాష్ట్రం దాటిన చోట తెలుగు బడి నడపడం ఎంత ఖర్చో, దానికి ఎవరు పెట్టాలో రోజూ లెక్క చూసుకునే మాకు ఇది చిన్న సంగతిలా అనిపించదు.

ఇన్ని మంచి మాటలూ చెప్పాక ఒక లోపం కూడా చెప్పాలి. ఇన్నేళ్లూ మారిషస్ అమ్మింది ముడి పంచదార, గోధుమ రంగుది. ఓడలో పోసి పంపేవారు. మొదట్లో కిత్తనార సంచుల్లో పంపేవారు, 1980లో పోర్ట్ లూయీలో పెద్ద గోదాము కట్టాక సంచులు పోయి వదులుగానే ఓడలోకి పోశారు. దాన్ని తెల్లగా శుద్ధి చేసేది లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున సిల్వర్‌టౌన్‌లోని టేట్ అండ్ లైల్ కర్మాగారం. హెన్రీ టేట్ 1878లో మొదలుపెట్టినది అది. లండన్‌లో పేరున్న టేట్ గ్యాలరీ ఆయన ఇచ్చిన బొమ్మలతో, డబ్బుతో కట్టినదే. శుద్ధి చేస్తే, ప్యాకెట్ కడితే, పేరు వేస్తే వచ్చే లాభం బ్రిటన్‌లోనే మిగిలేది. ముడి సరుకు అమ్ముకుని తయారైన సరుకు కొనుక్కోవడం గురించి దాదాభాయి నౌరోజీ పాఠంలో చెప్పుకున్నదే ఇది. కాకపోతే ఈసారి ధర బాగుంది కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు.

రెండు షరతులు

లోమే ఒప్పందపు చక్కెర ప్రోటోకాల్‌లో రెండు షరతులున్నాయి. ఇది కాలపరిమితి లేని హామీ అని ఒకచోట ఉంది. రెండేళ్ల ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా తప్పుకోవచ్చు అని ఇంకోచోట ఉంది. ముప్ఫై ఏళ్లపాటు అందరూ మొదటిదే చదివారు.

2000 తర్వాత బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా మీద ఫిర్యాదు చేశాయి. ఆఫ్రికా దేశాల నుంచీ భారత్ నుంచీ కొన్నంత పంచదారను ఐరోపా సబ్సిడీ ఇచ్చి మళ్లీ బయట అమ్ముతోంది, మా ధర చెడగొడుతోంది అన్నది ఆ ఫిర్యాదులో ఒక భాగం. 2005 ఏప్రిల్‌లో ఐరోపా ఓడిపోయింది. పేదదేశం కాని ఆస్ట్రేలియా, పెద్ద దేశమైన బ్రెజిల్ తమ న్యాయం తాము అడిగాయి. వాళ్ల వాదనలో తప్పు పట్టడం కష్టం. కానీ ఆ తీర్పు దెబ్బ తగిలింది మారిషస్‌కు, ఫిజీకి, గయానాకు.

2005 నవంబరులో ఐరోపా తన పంచదార ధర 36 శాతం తగ్గించుకుంది. ముడి పంచదారకు టన్ను 523.7 యూరోలు ఉన్నది దశలవారీగా 335.2కు దిగింది. 2007 సెప్టెంబరులో ప్రోటోకాల్ నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసు ఇచ్చింది. రెండేళ్లకు, 2009లో, అది ముగిసిపోయింది.

దీన్ని పిల్లలతో లెక్క కట్టించాం. 4,91,000 టన్నులను 523.7తో గుణిస్తే 25 కోట్ల 71 లక్షల యూరోలు. 335.2తో గుణిస్తే 16 కోట్ల 46 లక్షలు. తేడా 9 కోట్ల 25 లక్షల పైనే, ప్రతి ఏడాదీ. 12 లక్షల పైచిలుకు జనాభాకు పంచితే చంటిబిడ్డతో సహా తలకు 70 యూరోలకు పైన. అంతకుముందు, 2005 జనవరి 1న బట్టల కోటాలు కూడా ఎత్తేశారు కాబట్టి చైనా చొక్కాలతో పోటీ మొదలై మారిషస్ ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. రెండు దెబ్బలు ఒకేసారి.

ఇతర దేశాల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. కరీబియన్‌లో ట్రినిడాడ్ ప్రభుత్వ చక్కెర సంస్థ 2003లోనే మూతపడింది. సెయింట్ కిట్స్ 2005లో శతాబ్దాల చెరకు సాగుకు స్వస్తి చెప్పింది. మారిషస్ మూసేయలేదు. ముడి పంచదార అమ్మడం మానేసి తనే తెల్లగా శుద్ధి చేయడం మొదలెట్టింది. 2009 నుంచి లండన్‌కు బదులు జర్మనీ కంపెనీ జూడ్‌జుకర్‌తో కొన్నేళ్ల ఒప్పందం చేసుకుంది. ముదురు గోధుమ రంగులో, బెల్లం వాసనతో ఉండే ప్రత్యేక పంచదారలు చేసి ఎక్కువ ధరకు అమ్ముతోంది. చెరకు పిప్పి తగలబెట్టి కరెంటు తీస్తోంది. ఐరోపా నుంచి కొంత సర్దుబాటు సాయం కూడా వచ్చింది.

ఇవన్నీ ఎలా చేయగలిగింది? చదువుకున్న మనుషులు, నిలబడిన ప్రభుత్వం, పంచదార కాకుండా మరో రెండు మూడు ఆదాయాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి. మంచి ధర వచ్చిన ముప్ఫై ఏళ్లలో వాటిని కట్టుకుంది కాబట్టి. 2020లో ప్రపంచ బ్యాంకు కొద్దికాలం ఆ దేశాన్ని అధిక ఆదాయ దేశాల జాబితాలో కూడా వేసింది.

కానీ ఈ గెలుపు కథ అందరిదీ కాదు. 2005లో 11 మిల్లులుండేవి, ఇప్పుడు 3 మిగిలాయి. 1973లో 7 లక్షల 18 వేల టన్నుల దాకా వెళ్లిన ఉత్పత్తి ఇటీవలి సంవత్సరాల్లో రెండున్నర లక్షల దరిదాపుల్లో తిరుగుతోంది. 2001 నుంచి స్వచ్ఛంద విరమణ పథకాల కింద వేల మంది చెరకు కూలీలు పని వదిలారు. ఒక్కొక్కరికి కొంత నగదు, 7 పెర్చ్‌ల స్థలం, అంటే మన లెక్కలో సుమారు 350 గజాలు ఇచ్చారు. ఆ ఇంటి స్థలం ఉంది, కానీ యాభై ఏళ్ల వయసులో చెరకు నరకడం తప్ప వేరే పని రానివాళ్లకు కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? స్వెటర్ల ఫ్యాక్టరీ నుంచి వెనక్కి వచ్చిన ఆడవాళ్ల సంగతీ అంతే. ఒకటి రెండెకరాల రైతులు పొలం బీడు పెట్టేస్తున్నారు. చెరకు నుంచి వచ్చే పంచదారలో 78 శాతం రైతుది, 22 శాతం మిల్లుది అనే పంపకం అక్కడ ఉంది. మన దగ్గరి రైతులు వింటే ఆశ్చర్యపోతారు. అయినా ధర పడిపోతే 78 శాతంలో ఏం మిగులుతుంది? చిన్న రైతులకు ఇప్పుడు ప్రభుత్వం తన ఖజానా నుంచి హామీ ధర ఇస్తోంది. అంటే లండన్ ఇచ్చినది ఇప్పుడు పోర్ట్ లూయీ ఇవ్వాల్సి వస్తోంది.

2017 సెప్టెంబరు 30న ఐరోపా తన బీట్ పంచదార కోటాలు కూడా ఎత్తేసింది. తెల్ల పంచదార ధర టన్నుకు 500 యూరోల దగ్గరి నుంచి 2019 మొదటికి మూడొందల పైచిలుకుకు పడిపోయింది. బ్రిటన్ ఐరోపా నుంచి బయటకు వస్తూ 2019 జనవరిలో మారిషస్ లాంటి దేశాలతో విడిగా సంతకాలు చేసింది. సుంకం లేకుండా అమ్ముకోవచ్చు. వినడానికి బాగుంది. అయితే 2021 నుంచి ఏ దేశం నుంచి వచ్చినా ఏటా 2 లక్షల 60 వేల టన్నుల ముడి చెరకు పంచదారకు బ్రిటన్ సుంకం ఎత్తేసింది. బ్రెజిల్ లాంటి దేశం ఆ తలుపు గుండా వస్తే మారిషస్‌కు ఉన్న ప్రత్యేకత ఏముంది? అదే ఏడాది ఏప్రిల్ 1న భారత్, మారిషస్ మధ్య వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అందులో ఆ ప్రత్యేక పంచదారలకు మన దేశంలో చోటు ఇచ్చారు.

తరగతిలో

ఈ పాఠానికి మాకు రెండు పీరియడ్లు పట్టింది. మొదటి పీరియడ్‌లో పటం మీద కోరంగి, పోర్ట్ లూయీ, లండన్ గుర్తుపెట్టించాం, పైన చెప్పిన గుణకారం చేయించాం. రెండో పీరియడ్‌లో పిల్లలను రెండు జట్లు చేసి 1974 నవంబరులో కూర్చోబెట్టాం. బయట ధర 60 సెంట్లు. ఐరోపా అంతకంటే తక్కువ ఇస్తానంటోంది, కానీ ఏటా కొంటానంటోంది. మీరు మంత్రులైతే ఏం చేస్తారు? జరగబోయేది ముందుగా చెప్పవద్దు, చెప్తే వాదన రక్తికట్టదు. మా తరగతిలో మొదట అందరూ బయటే అమ్ముదామన్నారు. ఇంట్లో చేపల వ్యాపారం ఉన్న అమ్మాయి ఒకతె మాత్రం, "రొయ్య ధర ఇవాళ ఉన్నట్టు రేపుండదండి, రోజూ కొనేవాడికి కొంచెం తగ్గించి ఇవ్వాలి" అంది. సగం తరగతి అటు తిరిగింది.

తర్వాత రెండు షరతులూ బోర్డు మీద పక్కపక్కన రాశాం. ధర ఎవరు పెడతారని మొదట అడిగిన కుర్రాడే మళ్లీ లేచాడు. "రెండో షరతు ముందే ఉందని తెలిసీ సంతకం ఎందుకు పెట్టారండి?" అన్నాడు. సంతకం పెట్టకపోతే ఏం చేసేవారో నువ్వే ఒక పేజీ రాసుకురా అన్నాం. రాసుకొచ్చాడు, పేజీన్నర.

కర్ణాటకలో కంప్లి, హొసపేటె వైపు, మహారాష్ట్రలో చెరకు పండే చోట్ల ఉన్న తెలుగు బడుల్లో ఈ పాఠం ఇంకా బాగా నడుస్తుంది. అక్కడి పిల్లల ఇళ్లలో మిల్లు బకాయి ఎంతో, కేంద్రం ప్రకటించే మద్దతు ధర ఎంతో, టన్నుకు చేతికి వచ్చేది ఎంతో తెలిసినవాళ్లు ఉంటారు. ఆ లెక్కను మారిషస్ లెక్క పక్కన పెట్టి చూడమనండి. కుట్టుపని, చేనేత, జీడిపప్పు, ఏది దగ్గరైతే అది తీసుకోవచ్చు. అడగవలసినవి మూడే: కొనేవాడు ఎవరు, ఎంతమంది, ఎన్నాళ్లు కొంటానని రాసిచ్చాడు.